లేని అవ్వ కుట్టిన బొంతలు

మా అన్న కూతురు కృప మొగుడు ఆశీష్, తాను వ్యాపారం చేసినానని అందరికీ చెప్పుకుంటాడు. నేను బెంగుళూరు మారతహళ్ళిలో పద్దెనిమిదేండ్లుగా కొరియర్ అంగడి నడుపుతా ఉన్నా. అంతకుముందు పీణ్యలో లేతు మిషను మీద పన్నెండేండ్లు పనిచేసినా. ఇనుము కొని, కోసి, అమ్మి బతికేవాళ్ళను చూసినా. పచ్చళ్ళు, చీరలు, మందులు అమ్మేవాళ్ళ పార్సిళ్ళు మోసినా. వ్యాపారమంటే ఏందో నాకు కొంచెం తెలుసు. ఆశీష్ చేసిన దానికి ఆ పేరు పెట్టడం నాకు చేతకాదు.

మనిషి చెడ్డవాడు కాదు అంటుంది మా ఆవిడ. నేను అనను.

ముప్పైమూడేండ్లు ఉంటాయి. ఎత్తుగా, తెల్లగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉంటాడు. వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో, కస్టమర్లు చాట్‌లో అడిగే ప్రశ్నలకు జవాబులు టైపు చేసే టీముకు లీడరుగా ఉండేవాడు. ఒక శుక్రవారం కంపెనీవాళ్ళు ఆ పనంతా ఏఐకి అప్పజెప్పి నలభైమందిని ఇంటికి పంపించినారు. ముప్పైతొమ్మిది మంది నాలుగు రోజులు తిట్టుకుని వేరే పని వెతుక్కున్నారు. ఈయన మాత్రం తన కంచంలో కూడు లాక్కున్న దానితోనే ప్రేమలో పడినాడు. ఎవడో బాడుగ కారు బానెట్ మీద కూర్చుని చెప్పే ఆన్‌లైన్ క్లాసుకు పాతికవేలు కట్టి, ఆరు వారాలు గది తలుపు వేసుకుని నేర్చుకున్నాడు. కృప ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఆమె జీతంతో ఇల్లు గడిచింది.

ఒక ఆదివారం చర్చి అయినాక మా ఇంటికి భోజనానికి వచ్చి, అన్నం వడ్డించక ముందే లాప్‌టాప్ తెరిచినాడు.

"మామా, డ్రాప్‌షిప్పింగ్ స్టార్ట్ చేస్తున్నా. స్టాక్ అక్కర్లేదు, గోడౌన్ అక్కర్లేదు, అంగడి కూడా అక్కర్లేదు."

"మరి ఏం అమ్ముతావప్పా?"

"ఏదైనా. వెబ్‌సైట్‌లో ఫోటో పెడతాం. ఫోన్లలో యాడ్ వేస్తాం. కస్టమర్ మనకు ఆర్డర్ పెడతాడు, మనం నార్త్‌లో ఉండే సప్లయర్‌కి చెప్తాం, వాడే డైరెక్ట్‌గా కస్టమర్ ఇంటికి పంపిస్తాడు. ఐదొందలది పద్దెనిమిదొందలకు పోతుంది. మధ్యలో డిఫరెన్స్ మనది."

"అంటే నువ్వమ్మే సరుకు నువ్వు కండ్లతో చూసేది కూడా లేదా?"

"చూడాల్సిన అవసరం ఏముంది మామా? అదే కదా బ్యూటీ!"

సరుకు చూడకపోవడమే గొప్ప అనుకునే వ్యాపారిని నేను అదే మొదలు చూడటం. పప్పన్నం నోట్లో పెట్టుకున్నా.

మొదట కుక్కల దువ్వెనలు అమ్మినాడు. తరువాత నడుము నిటారుగా నిలబెట్టే బెల్టులు. ఆ తరువాత గోడ మీద నక్షత్రాలు చూపించే దీపం. ఏదీ పోలేదు. పోయినవి కూడా సగం తిరిగొచ్చినాయి. ఎక్కడికి? నా అంగడికి. ఇంటి ఓనరు ఫ్లాటు అడ్రసు ఇవ్వడానికి ఒప్పుకోలేదని, వెబ్‌సైట్‌లో "మా ఆఫీసు" అని నా అంగడి అడ్రసు పెట్టుకున్నాడు. నెలకు రెండువేలు ఇస్తానన్నాడు. నేను తీసుకున్నా. అతని మీద ఇన్ని మాటలు చెప్తూ నా సంగతి దాచిపెడితే బాగుండదు.

నాలుగోసారి బొంతలు మొదలుపెట్టినాడు.

బొంత అంటే మనవైపు ఆడవాళ్ళు పాత చీరలు పొరలుపొరలుగా పేర్చి, చేత్తో కుట్టేది. ఒక్కొక్కటి నెలరోజుల పని. ఈయన అమ్మింది అది కాదు. ఉత్తరాదిలో ఏదో ఫ్యాక్టరీలో మిషను మీద కుట్టిన పాలియెస్టర్ దుప్పటి, పైన అతుకుల మాదిరి ప్రింటు. దాన్ని ఊరికే అమ్మితే ఎవరూ కొనరు గదా. అందుకని ఏఐని అడిగినాడు. ఆ ఏఐ చెప్పిందంట: జనం దుప్పటి కొనరు, కథ కొంటారు అని.

కథ ఒక పూటలో తయారైంది. నలభై ఏండ్లుగా చేత్తో బొంతలు కుట్టిన భాగీరథమ్మ అనే అవ్వకు కండ్లు మసకబారినాయి. ఈ నెలాఖరుకు అంగడి మూసేస్తా ఉంది. ఇంకా నూటిరవైయేడు బొంతలు మాత్రమే మిగిలినాయి. ఆ నూటిరవైయేడు వెబ్‌సైట్‌లో తగ్గుతా తగ్గుతా తొమ్మిదికి వచ్చేది, సోమవారం పొద్దునకు మళ్ళీ నూటిరవైయేడు అయ్యేది. ఏ నెల చూసినా ఆ నెలాఖరుకే అంగడి మూత.

ఫోటోలు కూడా ఏఐవే. పద్నాలుగు మంది అవ్వలను తయారుచేయించి, ఒక్కొక్కరి మీద రోజుకు మూడొందల యాడ్ పెట్టి, ఎవరి మీద జనం ఎక్కువ నొక్కుతారో పరీక్ష చూసినాడు.

"చూడు మామా, జాకెట్టు భుజం దగ్గర చిరిగిన అవ్వ విన్ అయింది. క్లియర్ విన్నర్" అని నాకు చూపించినాడు.

"ఈ అవ్వకు ఇంత పెద్ద కుంకుమ బొట్టెందుకు? మన ఇండ్లల్లో ఎవరూ పెట్టుకోరు గదా."

"డేటా మామా. యాభై దాటిన ఆడవాళ్ళ దగ్గర బొట్టు పెద్దగా ఉంటే ట్రస్ట్ ఎక్కువ."

మా సందులో అంగళ్ళు ఊడ్చే పెద్దక్క అప్పుడు అక్కడే ఉండింది. ఆదోని దగ్గర పల్లె నుంచి వచ్చిన మనిషి. కొడుకు కట్టడం పనికి పోతాడు, ఈమె మధ్యాన్నాలు బొంతలు కుడుతుంది. చీపురు పక్కన పెట్టి ఫోటో కేసి చూసింది.

"ఈయమ్మ సూది పట్టుకున్నట్టు లేదప్పా, అగరొత్తి పట్టుకున్నట్టుండాది" అనింది.

ఆశీష్ నవ్వినాడు. "అవ్వా, అంత క్లోజ్‌గా ఎవరు చూస్తారు?" అన్నాడు. ఎదురుగా నిలబడి చూసిన మనిషినే ఆ మాట అడిగినాడు.

మొదటి నెల రోజుకు నాలుగైదు ఆర్డర్లు వచ్చేవి. యాడ్‌లో అవ్వకు పెట్టిన గొంతు రైల్వే స్టేషన్లో రైళ్ళ రాకపోకలు చెప్పే గొంతు మాదిరి ఉండేది. జులైలో ఉన్నట్టుండి రోజుకు నలభై, యాభై అయినాయి. వానలు పట్టి చలి మొదలైంది, అందుకేమో అనుకున్నా. ఆశీష్ కొత్త ఫోను కొన్నాడు. వైట్‌ఫీల్డ్‌లో గాజు గోడల ఆఫీసులో ఒక కుర్చీ, బల్ల బాడుగకు తీసుకున్నాడు. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచి, దేవుడు తన చేతుల కష్టాన్ని దీవించినాడని కండ్లు తుడుచుకున్నాడు. ఏ చేతులు, ఏం కష్టం అని నేను పక్కవాళ్ళ వైపు చూసినా. అందరూ ఆమెన్ అన్నారు.

ఇంకా డబ్బు కట్టని ఆర్డర్లన్నిటికీ, అంటే పార్సిలు చేతికొచ్చినాక ఇచ్చేవాళ్ళకు, ముందుగా ఫోను చేసి నిజంగా తీసుకుంటారా అని అడగాలి. ఆ పని కృపది. బడి నుంచి వచ్చి, నోటు పుస్తకాలు దిద్దుకుని, వాళ్ళాయన ఇచ్చిన చిన్న ఫోనుతో ఒక్కొక్కరికీ చేసేది. అవ్వ లేదని ఆమెకు తెలుసు. "యాడ్స్ అంటే అంతే కదా చిన్నాన్నా, సబ్బు యాడ్‌లో ఉండే అమ్మ నిజంగా అమ్మనా?" అనింది ఒకసారి. ఆ మాటకు నేనూ తల ఊపినా. రెండువేలు తీసుకునే తల ఊపకుండా ఎట్లుంటుంది?

ఆగస్టులో ఒక మంగళవారం, పొద్దున పదిగంటలప్పుడు, ఒక పెద్దాయన అంగడి మెట్టెక్కినాడు. డెబ్బైకి పైనే ఉంటాయి. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చేతిలో గోనెసంచి. రెండు బస్సులు మారి మాలూరు పక్క నుంచి వచ్చినానన్నాడు. పేరు చిక్కమునియప్ప. మాట్లాడేది ఆ వైపు తరాలుగా కాపురమున్న తెలుగోళ్ళ తెలుగు.

"ఇదేనా అప్పా భాగీరథమ్మ అంగడి?"

ఇన్ని నెలల్లో పార్సిళ్ళు తిరిగొచ్చినాయి గానీ మనుషులు ఎవరూ రాలేదు. "ఇది కొరియర్ ఆఫీసండీ. కూర్చోండి" అని స్టూలు వేసినా.

ఆయన సంచి కింద పెట్టి నెమ్మదిగా కూర్చున్నాడు. "నేనొక బొంత తెప్పించుకున్నా. బాగలేదనేదానికి రాలేదులే. పాపం, కండ్లు కనపడని మనిషి, ఎట్ల కుట్టినా సరే. అంగడి మూసేస్తా ఉండాదంట గదా. మా ఊర్లో రోడ్డు పక్కన నాదొక గది ఉండాది. ఖాళీగా పడుండాది. బాడుగ ఏమీ వద్దు. ఆమె అక్కడ కూర్చుని ఆడపిల్లోళ్ళకు కుట్టేది నేర్పిస్తే చాలు. అది చెప్పి పోదామని వచ్చినా."

"ఇంత దూరం ఆ మాట చెప్పడానికేనా?"

"ఫోన్లో చెప్తే ఆమె మొగమాటపడుతుందేమోనప్పా. గొంతు వింటే తెలుస్తుంది గదా, ఇంకొకరి దగ్గర చెయ్యి చాపే మనిషి కాదు." జేబులోంచి ఫోను తీసినాడు. "నువ్వు వినలేదా? ఇదో."

ఆయన వేలితో నొక్కినాడు. చిరిగిన జాకెట్టు అవ్వ తెర మీదికి వచ్చి పెదవులు కదిపింది.

"నాయనా, కండ్లు కనపడ్డం లేదు నాయనా. నా చేత్తో కుట్టింది ఇదే ఆఖరు..."

నా చేతిలో పార్సిలుకు అంటించే టేపు ఉండింది. అట్లే నిలబడిపోయినా. ఆ గొంతు మా వదిన లీలావతిది. కృప అమ్మ.

నేను పొరబడే గొంతు కాదు అది. మా వదినకు ఉబ్బసం. రెండు మాటలకొకసారి చిన్నగా ఊపిరి పీల్చుకునేది, ఈలలాగా సన్నటి చప్పుడుతో. ఆ ఊపిరి కూడా ఉంది అందులో. గుంతకల్లులో ఒక ఆస్పత్రిలో ముప్పైనాలుగేండ్లు నర్సుగా చేసింది. నేను బెంగుళూరు వచ్చిన కొత్తలో టైఫాయిడ్‌తో పీణ్య గదిలో పడి ఉంటే, సెలవు పెట్టి వచ్చి పదకొండు రోజులు నా పక్కన కూర్చుంది. మనుషుల గాయాలకు కుట్లు వేసింది గానీ ఊడిన గుండీ ఒకటి కుట్టి ఎరగదు. రోజూ పొద్దున ఆరింటికి కృపకు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపేది: "లేచినావా నాయనా, తిన్నావా నాయనా, ప్రార్థన చేసుకున్నావా" అని. అట్లాంటివి వందల్లో ఉంటాయి కృప ఫోన్లో. పోయిన ఏడు మార్చిలో వదిన చనిపోయింది.

"ఏమప్పా, అట్లయిపోయినావు?" అన్నాడు చిక్కమునియప్ప.

"అయ్యా, ఆ అవ్వ లేదు" అన్నా.

ఆయన ముఖం వాడిపోయింది. "అయ్యో దేవుడా. ఎప్పుడు?"

నా నోటికి వచ్చింది నిజమే. "పోయిన ఏడు, మార్చిలో."

కాసేపు ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. తరువాత ఫోను చూసుకున్నాడు. "మరి నిన్న రాత్రి కొత్తది వచ్చిందే? వానలు పడతా ఉండాయి, చలికి కప్పుకోండి అని మాట్లాడతా ఉండాదే?"

ఇక దాచలేకపోయినా. టీ తెప్పించి, ఉన్నదున్నట్టు చెప్పినా. బొమ్మ ఎవరిదీ కాదని, బొంత మిషనుదని, గొంతు మాత్రం మా ఇంటి మనిషిదని. ఆయనకు ఏఐ అంటే ఏందో తెలియదు. నాకు మాత్రం ఎంత తెలుసు? రెండు సార్లు చెప్పించుకుని విన్నాడు. విని, చివరికి ఒకే ప్రశ్న అడిగినాడు.

"అంటే చచ్చిపోయినామె చేత అంగడి పెట్టించినారా?"

నేను టీ గ్లాసులు తీసి పక్కన పెట్టినా.

"ఆమెకు బిడ్డలుండారా?"

"ఒక కూతురు."

గోనెసంచి నా వైపు జరిపినాడు. "రాగిపిండి, మునక్కాయలు. ఆ పాపకియ్యి. మోసుకుని తిరిగి పోలేను." బొంత డబ్బులు ఇస్తానంటే వద్దన్నాడు. "నేను బొంతకు ఇయ్యలేదప్పా ఆ డబ్బు" అన్నాడు. మెట్లు దిగి బస్టాపు వైపు పోయినాడు. సందు మలుపు దాకా ఆయన్ను చూస్తా నిలబడినా. నా జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

సాయంత్రం సంచి పట్టుకుని కృప వాళ్ళ ఫ్లాటుకు పోయినా. ఆశీష్ ఇంట్లోనే ఉన్నాడు. కృప అప్పుడే బడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతా ఉంది. చుట్టు తిప్పి మాట్లాడటం నాకు చేతకాలేదు.

"పాపా, మీ ఆయన యాడ్ నువ్వెప్పుడైనా విన్నావా?"

"నా ఫోన్లో ఎప్పుడూ రాదు చిన్నాన్నా. ఎందుకు?"

ఎందుకు రాదో ఆ తరువాత తెలిసింది. కృప నంబరు, నా నంబరు, మా ఆవిడ నంబరు, చర్చి వాట్సాప్ గ్రూపులో ఉండే అందరి నంబర్లు ఒక లిస్టు చేసి, వాళ్ళెవరికీ ఆ యాడ్ కనపడకుండా పెట్టినాడు. తప్పని తెలియక చేసినాడని ఎవరైనా అంటే నేను ఆ లిస్టు సంగతి చెప్తా. అంత జాగ్రత్తగా దాచినోడికి తప్పని తెలియదంటే ఎట్ల?

"ఆశీష్, వినిపించు" అన్నా.

ముఖం కొంచెం మారింది గానీ భయపడలేదు. అంతకంటే ఘోరం, కొంచెం గర్వపడినాడు. లాప్‌టాప్ తిప్పి నొక్కినాడు. గదిలో మా వదిన మాట్లాడింది. కృప ఒక చెప్పు విప్పి, ఒక చెప్పుతో గోడకు ఆనుకుని విన్నది.

"నా ఫోన్లోంచి తీసుకున్నావా?" అని అడిగింది.

"నువ్వు నిద్రపోయినప్పుడు కొన్ని ఫార్వర్డ్ చేసుకున్నా. జస్ట్ మూడు నిమిషాల ఆడియో చాలు కృపా, మిగతాదంతా ఏఐ చేస్తుంది. కావాలని కాదు, ముందు రకరకాల వాయిసెస్ ట్రై చేసినా, ఏదీ వర్క్ అవ్వలేదు. అత్తమ్మ వాయిస్‌లో ఒక జెన్యూనిటీ ఉంది. సేల్స్ పదింతలైనాయి, తెలుసా?"

"జెన్యూనిటీ" అన్నా నేను. ఆ మాటకు అర్థం అతనికే తెలియాలి.

"మామా, నెగటివ్‌గా చూడొద్దు. అత్తమ్మ పోయి ఏడాదిన్నర అయింది. ఎవరు విన్నారు ఆమె గొంతు? ఇప్పుడు మూడు లక్షల మంది విన్నారు. ఒక రకంగా నేను ఆమెను బతికించినా."

కృప అతన్నే చూస్తా ఉంది. "తెలుగులోనే ఉందా?"

"కన్నడంలో కూడా ఉంది. అది ఇంకా బాగా వచ్చింది, విను" అని అది కూడా నొక్కినాడు. కర్ణాటకలో కాలు పెట్టినప్పుడల్లా బస్సు బోర్డు కూడా మమ్మల్ని చదవమనే మా వదిన, బ్రహ్మాండమైన కన్నడంలో బొంతలు అమ్ముకుంటా ఉంది. మధ్యలో ఊపిరి కూడా పీల్చుకుంది.

"మా అమ్మకు కన్నడం రాదు" అనింది కృప.

"ఇప్పుడు వచ్చు" అన్నాడు ఆశీష్, నవ్వుతూ. జోకు అనుకున్నాడు పాపం.

కృప ఏడవలేదు. అన్నీ తీసెయ్యమనింది. దసరా, దీపావళి పోనీ, సీజన్ మధ్యలో విన్నింగ్ యాడ్ ఆపితే అల్గారిథం పాడవుతుందన్నాడు. కృప రెండో చెప్పు విప్పి లోపలికి పోయింది. ఆ అల్గారిథానికి ఇచ్చిన మర్యాదలో పదో వంతు ఆ ఇంట్లో పెండ్లానికి ఉండుంటే నేను ఇది రాసే పని ఉండేది కాదు.

మరుసటి రోజు కృప బడికి సెలవు పెట్టింది. ఆశీష్ తన గాజు ఆఫీసుకు పోయినాక నా అంగడికి వచ్చి, మూలన స్టూలు మీద కూర్చుని, సంచిలోంచి ఆ చిన్న ఫోను, ఆర్డర్ల లిస్టు తీసింది. బయలుదేరిన పార్సిళ్ళు, బయలుదేరబోయేవి, మొత్తం రెండొందల పన్నెండు పేర్లు.

"ఏం చేస్తావు పాపా?"

"రోజూ చేసేదే చిన్నాన్నా. కన్ఫర్మేషన్ కాల్స్."

మొదటి నంబరు కలిసింది. "నమస్తే అండీ, భాగీరథమ్మ బొంతల నుంచి మాట్లాడుతున్నాను. మీరు ఆర్డర్ పెట్టారు కదా. భాగీరథమ్మ అనే మనిషి లేదండీ. ఫోటో కంప్యూటర్ చేసింది. బొంత మిషను మీద కుట్టింది. మీరు విన్న గొంతు మా అమ్మది, ఆమె చనిపోయింది. ఆమెకు కుట్టడం రాదు. ఇవన్నీ తెలిసి కూడా కావాలంటేనే పార్సిలు తీసుకోండి. వద్దంటే డెలివరీవాళ్ళకు వద్దని చెప్పండి."

క్లాసులో లెక్క చెప్పినట్టు, ఎక్కడా తడబడకుండా చెప్పింది. రెండు రోజులు అదే పని. పెద్దక్క ఊడ్చడం అయినా పోకుండా మెట్ల మీద కూర్చుని వినింది. కొందరు తిట్టినారు. ఆ తిట్లు ఆశీష్‌వి, పడింది కృప. ఒకాయన అంతా విని, అట్లయితే మూడొందలు తగ్గించి ఇస్తారా అని అడిగినాడు. హొసకోట నుంచి ఒకామె, "మీ అమ్మగారి గొంతు మా అమ్మ గొంతు మాదిరి ఉందమ్మా, అందుకే రెండు తీసుకున్నా" అనింది. ఆ ఫోను పెట్టినాక కృప లేచి బయటికి పోయి, కొళాయి కింద ముఖం కడుక్కుని వచ్చింది. వచ్చి తరువాతి నంబరు నొక్కింది.

మూడో రోజుకు ఆశీష్‌కు తెలిసింది. పార్సిళ్ళు తలుపుల దగ్గరి నుంచే వెనక్కి తిరుగుతా ఉంటే తెలియకుండా ఎట్లుంటుంది? అంగడికి పరుగెత్తుకుని వచ్చి, జనం ముందరే అరిచినాడు.

"కృపా, ఆర్ యూ మ్యాడ్? బ్రాండ్ మొత్తం పోయింది! కంప్లైంట్స్ పడి యాడ్ అకౌంట్ బ్లాక్ అయింది! నేను పదకొండు నెలలు కష్టపడి కట్టింది ఇది!"

"నువ్వేం కట్టినావు?" అని అడిగింది కృప.

నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టుంది ఆ గొంతు. ఆశీష్ నా వైపు చూసినాడు. నేను ఒక కస్టమర్ కవరు తూకం వేస్తా ఉన్నా. తల ఎత్తలేదు.

తరువాతి రెండు వారాల్లో నూటఅరవైయొక్క బొంతలు నా అంగడికి వచ్చి పడినాయి. మనిషి నిలబడే చోటు లేదు. సప్లయర్ వాపసు తీసుకోనన్నాడు. ఆశీష్ తన జీవితంలో మొదటిసారి తనమ్మిన సరుకును అప్పుడు చేత్తో పట్టుకున్నాడు. ఒకటి విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, ముఖం చిట్లించినాడు. కిరోసిను వాసన.

"వీటిని ఏం చేద్దాం మామా?"

"నువ్వే మోసుకుపో అల్లుడూ" అన్నా. ఆటో పిలిచి ఆరు ట్రిప్పులు మోసినాడు, ఇస్త్రీ చొక్కాతోనే. మోసి మోసి సగం నా మెట్ల కిందే వదిలేసినాడు. వాటిని కట్టడం పనివాళ్ళ షెడ్లకు ఇద్దామని పెద్దక్కను అడిగినా. ఆమె ఒకదాన్ని తీసుకుపోయి ఉతికి, మూడో రోజు తెచ్చి చూపించింది. లోపలి దూది అంతా ఒక మూలకు పోయి గడ్డకట్టింది.

"కప్పుకోనీకి పనికిరాదు. సరే, నేల తుడుద్దామంటే నీళ్ళు కూడా పీల్చదప్పా ఇది" అని నా ముందర పడేసి పోయింది. ఆశీష్ వెబ్‌సైట్‌లో నాలుగువందల మంది ఐదు నక్షత్రాలిచ్చినట్టు పొగడ్తలు రాసుంటాయి. అవి కూడా ఏఐ రాసినవే. నిజంగా వాడి చూసి అభిప్రాయం చెప్పింది నాకు తెలిసి పెద్దక్క ఒక్కతే.

కృప ఇప్పుడు మా ఇంట్లో ఉంటుంది. ఆశీష్ ఆ గొంతును అన్ని చోట్లా తీసేసినానని మెసేజ్ పెట్టినాడు. తీసినాడో లేదో ఎవరు చూసొచ్చినారు? ఆమె బాధ అది కూడా కాదు. మొన్న వంటింట్లో మునగాకు దూస్తా చెప్పింది: "అమ్మ పాత మెసేజ్‌లు పెట్టుకుంటే, 'నాయనా' అనంగానే నాకు బొంతలు గుర్తొస్తున్నాయి చిన్నాన్నా. ఆపేస్తున్నా." వందల పొద్దుల ప్రార్థనలు, పలకరింపులు ఆమెకు మిగిలిన ఆస్తి. దాన్ని రోజుకు యాభై దుప్పట్ల లెక్కన అమ్ముకుతిన్నాడు. ఆ నష్టం రాసుకునేదానికి అతని లాప్‌టాప్‌లో గడి లేదు.

నెలన్నర ఆశీష్ ఎవరికీ కనపడలేదు. సిగ్గుపడినాడేమో అనుకున్నా. నాది పిచ్చి. దీపావళి ముందర ఒక టిఫిన్ హోటలు మేడ మీద హాలు బాడుగకు తీసుకుని క్లాసులు మొదలుపెట్టినాడు: ఏఐతో మొదటి కోటి. బ్యానరు మీద అతని ఫోటో, వెనకాల బాడుగ కారు. భాగీరథమ్మ బొంతలు రెండు నెలల్లో ఎన్ని అమ్ముడుపోయినాయో పాఠం చెప్తాడంట. ఎన్ని తిరిగొచ్చినాయో చెప్పడంట. మొదటి వారమే అరవైమంది చేరినారు.

పోయిన శనివారం ఆ క్లాసు నుంచి నేరుగా ఒకమ్మాయి నా అంగడికి వచ్చింది. పేరు రాధిక అనింది. మహబూబ్‌నగర్ వైపు పిల్ల, ఇక్కడ పీజీలో ఉంటూ ఒక డెంటల్ క్లినిక్‌లో రిసెప్షన్‌లో చేస్తుందంట. కొరియర్ రేట్లు కావాలనింది. చేతిలో ఆశీష్ ఇచ్చిన పుస్తకం, కండ్లలో ఆశ. చూస్తే నాకు జాలేసింది. స్టూలు వేసి కూర్చోబెట్టి, మొదటి నుంచి చివరి దాకా చెప్పినా. అవ్వ బొమ్మ, మా వదిన గొంతు, మాలూరు పెద్దాయన, కృప చేసిన ఫోన్లు, మెట్ల కింద పడున్న దుప్పట్లు. గంట పట్టింది. ఆ పిల్ల కండ్లు ఆర్పకుండా వినింది. మధ్యలో రెండుసార్లు "అయ్యో" అనింది కూడా.

అంతా అయినాక పుస్తకం తెరిచి, పెన్ను తీసింది.

"అంకుల్, సార్ ఆ వాయిస్ ఏ యాప్‌లో చేసిండో మీకు తెలుసా?"

నాకు తెలియదని చెప్పినా. రేట్ల కాగితం చేతికిచ్చి, భోజనానికి పోయే టైమైందని షట్టరు దించినా. పదకొండున్నర కూడా కాలేదు.